భాగించే ముందు

లెక్కకు మొహమాటం ఉండదని లోకంలో ఒక నమ్మకం ఉంది. వ్యాసానికి మార్కులు దిద్దేవాడి మనసును బట్టి పడతాయి, ఇంటర్వ్యూలో ఎదురుగా తెలిసినవాళ్లుంటే ఒక తీరు, లేకపోతే మరో తీరు. లెక్కలో మాత్రం తప్పు ఎవరు చేసినా తప్పే, ఒప్పు ఎవరు చెప్పినా ఒప్పే అంటారు. ఈ మాటను మనసా వాచా నమ్మినవాళ్లలో సున్నా ఒకతె.

అది ఆమె అసలు పేరు కాదు. డిగ్రీ రోజుల్లో మాస్టారు పెట్టిన పేరు. బోర్డు మీద ఎవరైనా సమీకరణాన్ని రెండు వైపులా దేనితోనైనా భాగించబోతే, వెనక బెంచీ నుంచి "అది సున్నా అయితే?" అని ఒక గొంతు లేచేది. క్లాసంతా నవ్వేది. మాస్టారు నవ్వేవారు కాదు. అలా అడగడం ఆమెకు నేర్పిందే ఆయన.

అవకలన సమీకరణాలు మొదలుపెట్టిన రోజు ఆయన చెప్పిన పాఠం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చలరాశులను వేరుచేయడమంటే ఉమ్మడి కాపురాన్ని విడదీయడమే. x తాలూకు సామానంతా ఈ ఇంటికి, y తాలూకు సామానంతా ఆ ఇంటికి. తర్వాత ఎవరి ఇంట్లో వాళ్లు సమాకలనం చేసుకుంటారు. కానీ సర్దుకునే తొందరలో ఏదో ఒకటి పాత ఇంట్లో మర్చిపోతాం. y తో భాగిస్తున్నామంటే, y సున్నా కాదని ముందే అనుకున్నామన్నమాట. మరి సున్నా అయితే?" అని ఆగి, ఒక ప్రశ్న వేశారు. "పుకారు ఎంత వేగంగా పాకుతుందనేది అది ఇప్పటికి ఎంతమందికి తెలుసో దాన్ని బట్టి ఉంటుంది. ఊళ్లో ఒక్కరికీ తెలియని పుకారు రేపటికి ఎంతమందికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు సార్."

"అదీ ఒక జవాబే. దాన్ని పారేయకండి."

ఆ పాఠాన్నే సున్నా తరవాత తన విద్యార్థులకు చెప్పింది, ఒక ప్రైవేటు కాలేజీలో, ఏడాదికోసారి కొనసాగిస్తారో లేదో తెలియని ఉద్యోగంలో. ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ పోస్టుకు పరీక్ష పడితే రాసింది. వయోపరిమితి లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం.

అందులో ఒక ప్రశ్న: dy/dx = y², x సున్నా అయినప్పుడు y సున్నా; దీని సాధన ఏది? సున్నా రెండో ఆలోచన లేకుండా "y = 0" అని గుర్తు పెట్టింది. విలువ సున్నా అయితే మార్పు రేటూ సున్నా. మారనిది ఎప్పటికీ సున్నాగానే ఉంటుంది. అయితే నియామక బోర్డు విడుదల చేసిన ప్రాథమిక కీలో "సాధన లేదు" అని ఉంది. ఆ జవాబు ఎలా వచ్చిందో ఆమె ఇట్టే పోల్చుకుంది. రెండు వైపులా y² తో భాగించి, సమాకలనం చేస్తే y = −1/(x + c) వస్తుంది. అందులో c కి ఏ విలువ ఇచ్చినా y సున్నా కాదు. కాబట్టి సాధన లేదని తేల్చేశారు. భాగించేటప్పుడు తామే బయటికి నెట్టిన జవాబు లోపల దొరకడం లేదని రాసిపెట్టారన్నమాట.

కీతో పాటు తాత్కాలిక జాబితా కూడా వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నకు మార్కు కలిస్తే సున్నాకు ఉద్యోగం ఉంది, కలవకపోతే లేదు.

అమ్మ కుట్టుపని చేసే గదిలో కూర్చుని అభ్యంతరం రాసింది. y = 0 ని సమీకరణంలో పెట్టి సరిపోతుందని చూపింది. చివర, చదివేవాళ్లకు సులువుగా తలకెక్కుతుందని పుకారు ఉదాహరణ కూడా జోడించింది. అమ్మ జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూనే ఓ చెవి ఇటు పడేసింది.

"ఇంతకీ ఎవరు చూస్తారే దీన్ని?"

"ముగ్గురు నిపుణుల కమిటీ అమ్మా. ఒకరు మా మాస్టారేనట. మా ప్రిన్సిపాల్ చెప్పాడు."

"మరింకేం. ఒకసారి వెళ్లి కలిసిరా."

"కలవడం దేనికి? రెండు రెళ్లు నాలుగని చెప్పమని బతిమాలుకోవాలా?"

"బతిమాలమన్నానా? కనబడమన్నాను. కొలతలు రాసిచ్చి వెళ్లిపోయినవాళ్లకంటే, ఎదురుగా నిలబడి కుట్టించుకున్నవాళ్లకే జాకెట్టు సరిగ్గా కుదురుతుంది. నా అనుభవం చెబుతున్నా."

"అది జాకెట్టు. ఇది లెక్క."

"సరే తల్లీ. నీ లెక్కకు చంకలో పట్టేసే బాధ లేదుగా," అంది అమ్మ, దారం పంటితో తెంపుతూ.

సున్నా వెళ్లలేదు. ఆ వారమంతా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది.

బోర్డు నిర్ణయం ఒక్క వాక్యంలో వచ్చింది. అభ్యంతరాన్ని నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తిరస్కరించింది. సున్నా చూపు "ఏకగ్రీవంగా" దగ్గరే ఆగిపోయింది. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు అని ఉంటే ఆ ఒక్కరు ఎవరో తనకు తెలిసి ఉండేది.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లింది. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్ నడుస్తోంది. అది అల్లుడి పేరు మీద ఉంది, గోడ మీద బొమ్మ మాత్రం మాస్టారిది. పై గదిలో ప్రెస్సు నుంచి కొత్తగా వచ్చిన, మాస్టారు రాసిన గైడ్ల కట్టలు కుర్చీలను ఆక్రమించి ఉన్నాయి. ఒక కట్ట నేల మీద పెడితే గాని కూర్చోవడానికి చోటు దొరకలేదు.

"రామ్మా సున్నా. ఎన్నాళ్లకు! అమ్మ బాగుందా?"

"బాగుంది సార్. నిర్ణయం చూశాను."

"ఊఁ," అని మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడవసాగారు.

"మిగతా ఇద్దరూ ఏమన్నారు సార్?"

"ఒకాయన బీజగణితం మనిషి, ఇది నా సబ్జెక్టు కాదన్నాడు. రెండో ఆయన మీరెలా అంటే అలా అన్నాడు."

"అంటే మీరే."

"నేనే."

ఆమె చేతికందిన గైడ్ తీసి, చలరాశులను వేరుచేసే అధ్యాయం తెరిచింది. గైడ్లు చదివే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. పరీక్షలో వచ్చిన లెక్క అక్కడ రెండో ఉదాహరణగా ఉంది, దాని కింద మందపాటి అక్షరాల్లో "సాధన లేదు" అని ఉంది. ఉమ్మడి కాపురమూ లేదు, పాత ఇంట్లో మర్చిపోయిన సామానూ లేదు.

"సున్నా సంగతి ఎందుకు తీసేశారు సార్?"

"తీసేయలేదు. పెట్టలేదు, అంతే. పిల్లలు అడుగుతారు, సార్ ఇది పరీక్షకి కావాలా అని. అక్కర్లేదంటే హమ్మయ్య అనుకుంటారు. మొదట్లో నోటితో చెప్పేవాణ్ణి. తర్వాత అదీ మానేశా."

"అక్కర్లేదన్నదే పరీక్షలో వచ్చింది."

"ఆ ప్రశ్న తయారుచేసినవాడు కూడా ఈ గైడ్ ముందేసుకునే చేసుంటాడు. లేకపోతే అలాంటి కీ ఎవరిస్తారు?" మాస్టారు నవ్వబోయి మానుకున్నారు. "చూడమ్మా, కింద చదివిన వాళ్లందరూ నేను చెప్పిందే పెట్టొచ్చారు. ఇప్పుడు అది తప్పంటే వాళ్ల మార్కులు పోతాయి. రేపు వాళ్ల తల్లిదండ్రులు వచ్చి ఈ పుస్తకం నా మొహాన కొడతారు. ఇక మా అల్లుడి సంగతి చెప్పక్కర్లేదు. అందరూ ఒకవైపు, నువ్వొక్కదానివి ఒకవైపు."

"నాకు ఇదే ఆఖరిసారి సార్. ఇంక వయసు దాటిపోతుంది."

"తెలుసు."

సున్నా గైడ్ మూసింది. దారి పొడుగునా ఆమె ఒక్క అనుమానాన్ని మాత్రం ఆయన పక్షాన అట్టేపెట్టుకుని వచ్చింది: అభ్యంతరం ఎవరిదో ఆయనకు తెలిసి ఉండదు.

"కమిటీ చేతికిచ్చేముందు పేర్లు కొట్టేస్తారంటారు కదా సార్."

"పేరు లేదు," అన్నారు మాస్టారు, కళ్లజోడు మళ్లీ పెట్టుకుని. "పుకారు ఉంది. ఆ లెక్కకు ఆ పోలిక నేను తప్ప ఇంకెవరూ చెప్పరు. నేను చెప్పినవాళ్లలో ఇన్నేళ్లు దాచుకునేది నువ్వు తప్ప ఇంకెవరూ లేరు."

కింద గదిలోంచి పిల్లలు ఏదో సూత్రాన్ని గుక్కతిప్పుకోకుండా వల్లెవేయడం వినిపించింది. పరాయివాడు కొట్టిన దెబ్బ అయితే సున్నాకు తిట్టిపోయడానికి మాటలు దొరికేవి. ఈయనను తిడదామంటే ఆమె నేర్చుకున్న మాటలన్నీ ఈయనవే.

"మన సెంటర్లో చేరిపో," అన్నారు మాస్టారు. "అక్కడిచ్చేదానికి రెట్టింపు ఇప్పిస్తా. అల్లుడితో మాట్లాడే ఉంచాను."

"ఎప్పుడు మాట్లాడారు?"

"కాయితాలు చేతికొచ్చాక, కమిటీ కూర్చోబోయే ముందు."

సున్నా లేచి నిలబడింది. నేల మీద పెట్టిన కట్టను తిరిగి కుర్చీలో, ఉన్నచోటే పెట్టింది. "ఒక్క సంగతి చెప్పండి సార్, వెళ్లిపోతాను. డీవై బై డీఎక్స్ ఈక్వల్ టు వై స్క్వేర్. ఎక్స్ సున్నా దగ్గర వై సున్నా. సాధన ఏంటి?"

మాస్టారు కిటికీ వైపు చూశారు. క్లాసులో ఏనాడూ అంత చిన్న గొంతుతో మాట్లాడని మనిషి, "వై ఈక్వల్ టు జీరో," అన్నారు.

లోపలినుంచి ఆయన భార్య మంచినీళ్లు పట్టుకొచ్చింది. "ఏంటి, అప్పుడే వెళ్తున్నావా? మళ్లీ ఏదో లెక్క పట్టుకున్నారా గురుశిష్యులు?"

"లేదమ్మగారూ, అయిపోయింది," అని సున్నా నీళ్లు తాగి గ్లాసు ఆమె చేతికిచ్చింది.

తుది జాబితా నెలాఖరున వచ్చింది. సున్నా అందులో లేదు. కోచింగ్ సెంటర్‌లో చదివినవాళ్లు పదకొండుమంది ఉన్నారు. ఆ ఏడాదే గైడ్ కొత్త ముద్రణ వెలువడింది. చలరాశులను వేరుచేసే అధ్యాయంలో రెండో ఉదాహరణ కింద "సాధన లేదు" అన్న మాట తొలగించి, దాని స్థానంలో ఇలా వేశారు: "y² తో భాగించే ముందు y = 0 అయిన సందర్భాన్ని విడిగా చూడాలి. ఇక్కడ సాధన y = 0."