మంగవ్వ మాటలో తెగిన ముక్క

సాయంత్రం అయిదయిందంటే బుచ్చవ్వ చీపురు పట్టుకొని ఎడిటింగ్ గదిలోకి వస్తుంది. "కాళ్లు ఎత్తుర్రి" అంటుంది. అమీర్‌పేటలో మిక్సీల రిపేరు దుకాణం పైన ఉన్న ఆ టీవీ జర్నలిజం ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలందరూ కాళ్లు ఎత్తుతారు. పొద్దంతా వాళ్లు ఇంటర్వ్యూల్లోంచి కోసి పారేసిన మాటలు బల్లల కింద పడి ఉంటాయి కదా, వాటిని ఊడ్చి చేటలోకి ఎత్తుకుంటుంది. చాలామటుకు దగ్గులు, "ఆ... అంటే..."లు, "అన్నా, రికార్డయితుందా?"లు. కిందికి తీసుకెళ్లి దులిపితే రోడ్డు మీది చప్పుడులో కలిసిపోతాయి. కోసిన మాట చెప్పినవాళ్ల నోటికి మళ్లీ రాదని అందరికీ తెలుసు. దగ్గు పోతే ఎవరికేం నష్టం?

మధులత ఆ కోర్సులో చేరి నాలుగు నెలలు. సిరిసిల్ల పిల్ల, తండ్రి దర్జీ. మొదటి నెలంతా కెమెరా ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. హాస్టల్ కూడు సయించేది కాదు. ఆ నెలంతా ఆమెను నిలబెట్టింది, నిజం చెప్పాలంటే, పంజగుట్ట ఫుట్‌పాత్ మీద మంగవ్వ కాల్చే జొన్నరొట్టెలే. "ఇంకొకటి ఎయ్యాల్నా బిడ్డా?" అని అడిగేది, జవాబు వినకముందే వేసేది.

ఫుట్‌పాత్‌ల మీద నడవలేక జనం పడే పాట్ల గురించి స్టోరీ చెయ్యమంటే, తెలిసిన మనిషైతే జంకుండదని మంగవ్వ ముందే మైకు పెట్టింది మధులత. మంగవ్వ చేతి పిండి దులుపుకొని ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా బండి దారికి అడ్డమే బిడ్డా, నాకెరుక లేదా? గని ఆఫీసోళ్లే వచ్చి, సున్నంతోటి గీత గీసి, పదకొండో నంబరు నీది, గీడనే పెట్టుకో అన్నరు. గా కాయితం మొన్నటి వానకు నానిపోయింది."

"ఒక్కొక్కళ్ల మాట పది సెకన్లు దాటొద్దు" అని ఎడిటింగ్ నేర్పే నరేందర్ సార్ నియమం. మధులత గడియారం చూసింది, కోసింది. "నా బండి దారికి అడ్డమే బిడ్డా" వరకు ఉంచింది. ఎంత పదునుగా ఉందో! మిగతాది బల్ల కింద పడిన చప్పుడు ఆమెకు వినబడింది. వినబడినా వంగి తీసుకోలేదు.

స్టోరీ ఒక చిన్న ఛానల్‌లో వచ్చింది. వాళ్లు మధులతను ఉద్యోగం ట్రయల్‌కు పిలుస్తామన్నారు. మంగళవారం ఆ సంతోషంలో రొట్టె తిందామని పోతే బండి లేదు, పొయ్యి మసి మాత్రం ఉంది.

"మస్తు అన్యాయమైంది అక్కా, టీవీల చూసి మున్సిపాల్టి ఆఫీసోళ్లు బండి ఎత్తుకపోయిన్రు" అన్నాడు పక్కన చాయ్ అమ్మే దినేశ్. "ఎవరు పెట్టుకోమన్నరు అని ఆఫీసోళ్లు అడిగితే, 'దారికి అడ్డమే' అని ఆగిపోయింది అవ్వ. ఆ మీద ఇంక మాట పెగల్లే. సోమారం లక్డీకాపూల్ ఆఫీసుకు వచ్చి చెప్పుకొమ్మన్నరు. అప్పుడు సుత చెప్పకపోతే జాగ పోయినట్టే."

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాబోలు అనుకుంది మధులత. కెమెరా కార్డు వెతికితే దాని మీద అప్పటికే వేరే పిల్లలు ఇంకేదో తీసేశారు.

చివరికి మధులత పోయి బుచ్చవ్వ కాళ్లకు అడ్డంపడింది. "అవ్వా, పోయిన వారం నా బల్ల కింద ఒక పెద్ద ముక్క..."

"బరువున్న ముక్కలు ఊడిస్తే పోవు బిడ్డా, చీపురుకు తట్టుకుంటయి. గసుంటివి పారెయ్యబుద్ధి గాదు నాకు." తలుపు వెనక మేకుకు తగిలించిన బ్రెడ్డు కవరు దింపి, ఒక్కొక్కటే తీసి చెవి దగ్గర పెట్టుకుంది బుచ్చవ్వ. "ఇది గాదు, ఇదెవరో ముసలాయన తమ్ముని పేరు. ఇది సుత గాదు. ఆఁ, ఇగో." దానికి జొన్నపిండి వాసన ఉంది. మధులత చున్నీ కొంగున ముడేసుకుంది.

సోమవారం మంగవ్వ వెంట మధులత కూడా ఆఫీసుకు పోయింది. అక్కడి ఆఫీసరు సారు తన ఫోన్‌లో మధులత స్టోరీనే పెట్టి చూపించాడు. "నువ్వే ఒప్పుకున్నవ్ గద అవ్వా, ఇంకేమన్న చెప్పేదున్నదా?"

"నా బండి దారికి అడ్డమే బిడ్డా..." అని మంగవ్వ నోరు తెరిచే ఉంచి చేతులు నలుపుకుంది.

మధులత ముడి విప్పి ఆమె అరచేతిలో పెట్టింది. మంగవ్వ దాన్ని ప్రసాదంలా నోట్లో వేసుకొని మింగింది. "గని ఆఫీసోళ్లే వచ్చి, సున్నంతోటి గీత గీసి, పదకొండో నంబరు నీది అన్నరు." సారు రిజిస్టరు తిప్పి పదకొండు దగ్గర వేలు పెట్టాడు. "ఉన్నది. ముందే చెప్తే అయిపోతుండె గద."

ఎవరు కోశారని ఎవ్వరూ అడగలేదు. అడిగితే బాగుండేది. ఆ తర్వాత ఎనిమిది రోజులు మధులత అవతలి ఫుట్‌పాత్ మీద తల వంచుకొని నడిచింది. తొమ్మిదోనాడు మంగవ్వే కేకేసింది.

"నేనే కోసిన అవ్వా" అంది మధులత, ప్లేటు పట్టుకోకుండానే.

"ఎరుకే. మింగుతుంటే నీ చేతి వాసన వచ్చింది." మంగవ్వ రొట్టె తిరగేసింది. "నన్ను ఊరంతటికి జూపిచ్చినవ్. ఇప్పుడు నువ్వు సుత గదే మైకుల చెప్పు."

మర్నాడు చెప్పింది. రొట్టె తట్టే చప్పుడు పక్కన వినబడుతుండగా, చేతులు ఎక్కడున్నాయో కూడా గుర్తులేకుండా చెప్పింది. "నా పేరు మధులత. మంగవ్వ మాట కోసింది నేనే. తెలిసే కోసిన."

ఎడిటింగ్‌లో నరేందర్ సార్ వెనక నిలబడి చూశాడు. "మంగవ్వకు జాగ దొరికిందన్నది ఉంచు. నీ ముక్క తీసెయ్యమ్మా. ఇది చూస్తే ఛానలోళ్లు నిన్ను పిలువరు."

"తీస్తే మళ్లా నా నోటికి రాదు సార్" అని మధులత మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. ఛానల్ నుంచి ఆ తర్వాత ఫోన్ రానే లేదు.

ఆ సాయంత్రం అయిదయింది. "కాళ్లు ఎత్తుర్రి" అంటూ బుచ్చవ్వ వచ్చింది. మధులత బల్ల కింద చీపురు ఆడించి, దానికి ఏదీ తట్టకపోయేసరికి వంగి మళ్లీ ఒకసారి చూసి, పక్క బల్ల దగ్గరకు పోయింది.