ఇల్లంతా సిగ్నల్

శనివారం పొద్దున్నే మహీధర్ కాఫీ కూడా పూర్తిగా తాగకుండా రౌటర్ మీద పడ్డాడు. వారం రోజులుగా ఆఫీసు మీటింగుల్లో అతని గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. సింగపూరు చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు కంప్యూటర్లను కాచే మనిషికి సొంత ఇంట్లో వైఫై రాకపోవడం కన్నా తలవంపులు ఏముంటాయి?

అంతవరకూ రౌటర్ వీధి తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద ఉండేది. దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. చేపల తొట్టి దగ్గర వద్దన్నాడు, నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయట. మైక్రోవేవ్ దగ్గరా వద్దన్నాడు. భార్య హైమావతిని, కూతురు కీర్తికను ఫోన్లిచ్చి గదికొకరుగా నిలబెట్టాడు.

"కీర్తికా, నీ రూంలో ఎలా ఉంది?"

"కెన్ లా, డాడీ. సూపర్ ఫాస్ట్," అంది కూతురు, బళ్లో పట్టుబడ్డ సింగపూరు ఇంగ్లీషులో.

"హైమా, వంటింట్లో?"

"వస్తోంది మహానుభావా! పోపు మాడుతోంది, ఇక నన్నొదిలెయ్."

చివరికి తన ఆఫీసు గదిలో, గోడకి ఎత్తుగా బిగించాడు. "ఇల్లంతా ఫుల్ సిగ్నల్!" అని ప్రకటించి చేతులు దులుపుకున్నాడు. ఎవర్నీ నిలబెట్టని గది ఒకటి ఆ ఇంట్లో ఉందన్న సంగతి అతనికి తట్టనే లేదు.

అది షెల్టర్. యుద్ధం వస్తే దాక్కోవడానికని టోవా పాయోలో వాళ్ల ఫ్లాట్ కట్టినప్పుడే కట్టిన చిన్న గది. లావుపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, కిటికీ లేదు. అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, వాటి పక్కన పరుపు వేసుకుని పనిమనిషి అప్పలమ్మ ఉంటాయి. ఉంటాయి అనే రాశాను, ఆ ఇంటి లెక్క అదే కాబట్టి. అలాగని వాళ్లు చెడ్డవాళ్లని అనడానికి నాకు నోరు రాదు. జీతం ఏనాడూ ఆపలేదు, పండక్కి చీర పెడతారు.

కీర్తిక పుట్టినప్పుడు, పిల్ల చెవిన నాలుగు తెలుగు ముక్కలు పడతాయని హైమావతి ఏరికోరి శ్రీకాకుళం మనిషిని తెచ్చుకుంది. అప్పలమ్మకి అదే చిక్కయింది. పక్కింట్లో పనిచేసే ఇండోనేషియా అమ్మాయి హాల్లో నిలబడి ఇంట్లోవాళ్లని తన భాషలో కడిగిపారేసినా ఎవరికీ అర్థం కాదు. ఈ ఇంట్లో అప్పలమ్మ నిట్టూర్చినా అర్థమవుతుంది. అందుకే సొంత మాటలన్నీ షెల్టర్లోనే మాట్లాడుకునేది. సెల్ సిగ్నల్ ఆ గోడల్లోకి ఎప్పుడూ రాదు గానీ, తలుపు బెత్తెడు తెరిస్తే ఎదురుగా చెప్పుల స్టాండు, దాని మీద రౌటర్ ఉండేవి.

ఆ సాయంత్రం చపాతీలు వడ్డిస్తుంటే పలాస నుంచి కూతురు రాజకుమారి ఫోన్ చేసింది. అప్పలమ్మ ఫోన్లో మాట పక్కవీధికి వినిపిస్తుంది.

"అమ్మా, ఏజెంటు ఈ రేత్రికి కాయితాలట్టుకొస్తాడట. సింగపూరుకే. మూడేళ్ల గుంటని అత్త దగ్గిర ఒగ్గేసి రావాల. నిజం సెప్పు, అక్కడ బావుంతాదా? నువ్వొద్దంటే మానేస్తాను."

అప్పలమ్మ నోరు తెరిచేలోపే హైమావతి అందుకుంది. "మీ అమ్మాయేనా? రమ్మను అప్పలమ్మా! మా ఫ్రెండ్ తారాదేవి గారింట్లో పనిమనిషి కోసం వెతుకుతున్నారు. ఇక్కడ నువ్వెంత బాగున్నావో చెప్పు!"

మహీధర్ కూడా కంచంలోంచి తలెత్తి చూశాడు.

"బావుంతాదే," అంది అప్పలమ్మ. "మంచోళ్లు. పనయ్యాక మళ్లీ మాటాడతాను."

అంట్లు గబగబా తోమేసింది. పని కాగానే షెల్టర్లోకి వెళ్లి తలుపు దగ్గరికి లాక్కుని ఫోన్ చేసింది. తగల్లేదు. బెత్తెడు తెరిచింది. అయినా తగల్లేదు. కూతురు ఇంకెవరితోనో మాట్లాడుతోందనుకుని వాట్సాప్‌లో మైకు బొమ్మ నొక్కి చెప్పింది.

"రాజీ, ఇందాకటి మాట నమ్మకే. అమ్మగారి ముందర ఏటి సెప్పమంతావు? కొట్టీవోళ్లు నేరు, తిండికి లోటు నేదు. అయినా నువ్వు రాకు. నాను ఇమానం ఎక్కినప్పుడు నీది నీ గుంట ఈడే. నీకు పళ్లూడ్డం, నువ్వు బడికెళ్లడం అన్నీ ఇన్నాను గానీ సూడనేదు. మొదటిసారి ఊరొచ్చినప్పుడు గుమ్మంలో నన్ను సూసి 'ఎవరండీ మీరు' అన్నావు, గేపకముందా? నీ గుంట నిన్నలాగ అడక్కూడదే. సంతకం ఎట్టకు."

పంపేసి కళ్లు తుడుచుకుంది. అన్నేళ్లుగా దాచుకున్న మాట బయటికొచ్చేసరికి గుండె తేలికై హాయిగా నిద్రపట్టింది. పాపం, ఆ మాట గోడ దాటలేదు.

తెల్లారి వంటింట్లోకి రాగానే ఫోన్ మోగింది. రాత్రి రాజకుమారి పంపిన మాట అప్పుడొచ్చింది. "అమ్మా, బావుంతాదని నువ్వన్నాక ధైర్నం వచ్చింది. నీకెంత సేసినా పోను తగల్నేదు. సంతకం ఎట్టేశాను. ఏజెంటు డబ్బులిచ్చి పాసుపోర్టు అట్టుకుపోయాడు."

సరిగ్గా అప్పుడే అప్పలమ్మ మాట పలాసకి బయల్దేరింది.

దోసెలు పోస్తుండగా జవాబొచ్చింది. "ఇప్పుడా అమ్మా సెప్పడం?"

ఒళ్లు విరుచుకుంటూ మహీధర్ వచ్చాడు. "ఏం అప్పలమ్మా, నీ ఫోన్లో సిగ్నల్ ఎలా ఉంది?"

"నా గదిలోకి రాటం నేదు బాబూ."

"షెల్టర్లోకా? అది బాంబులకే లొంగని గోడ, వైఫై ఏం వెళ్తుంది? చూద్దాంలే, వచ్చే నెల ఏదైనా తగిలిద్దాం."

వెనకే హైమావతి వచ్చింది. "మీ అమ్మాయి ఏమంది?"

"సంతకం ఎట్టేసిందమ్మా."

"మంచి పని చేసింది! తారాదేవి గారికి ఇప్పుడే చెప్తాను."

పెనం మీద దోసె మాడుతోంది. అప్పలమ్మ దాన్ని తీయలేదు.

"ఆ అమ్మగారింట్లో దానికి గది ఉన్నాదామ్మా?"

"ఎందుకుండదు? మనింట్లో నీకున్నట్టే."