తలకిందుల వేపమండ

దర్శికి పడమర పక్క కొండవాలున కాసిని కంపచెట్లు, రెండు తాటిచెట్లు, ఎండిపోయిన వాగు ఒకటి ఉన్నాయి. శేషాచలం గారు దాన్నే అడవి అన్నారు. ఆయన అడవి అంటే అడవే, కాదనే ధైర్యం ఎవరికుంది? గుంటూరులో లెక్చరరు. హిమాలయాలకు పోయి కోర్సు చేసి వచ్చిన మనిషి. మెడలో విజిలు, తల మీద అంచు మడిచిన టోపీ. ఎనభై ఆరో సంవత్సరం దసరా సెలవుల్లో పంతుళ్లకూ పంతులమ్మలకూ అరణ్య శిక్షణ పెడుతున్నామనీ, మనిషి ఏ దిక్కూ లేని చోట ఎలా బతకాలో నేర్పుతామనీ బడి బడికీ కబురు పెట్టారు.

ఏ దిక్కూ లేని చోటు అది. కొండ దిగితే కనుచూపు మేరా పత్తి, పత్తి లేని చోట మిరప. తెల్లవారితే పిట్టల కూతలకంటే ముందు స్ప్రేయర్ల మోత వినిపించేది. ఆ ఏడు పత్తికి పురుగు విరగబడింది, రైతులు మందు మీద మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరిగితే గుడారాల్లో అందరూ ముక్కులు మూసుకునేవాళ్లు. అయినా అది అడవే.

కరీమున్ ఆ దగ్గరి పల్లె పిల్లే. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. శిక్షణలో అందరికంటే ముందున్న ఒక్కరిని వేసవిలో హిమాలయాల కోర్సుకు పంపుతారని విన్ననాటి నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఎర్రటి ఎండలో పిల్లల చేత లెఫ్టు రైటు కొట్టించడం తప్ప తన బతుకులో ఇంకేమైనా ఉంటుందా అని ఆమె బెంగ. ఒక్కసారి మంచు మీద కాలు పెట్టాలి, అంతే. తల్లి మౌలాబీ మొదట ససేమిరా అంది. "ఆడపిల్లవి, కంపల్లో పడుకుంటావటే" అని రోజంతా సణిగి, చివరికి "ఆ మంచేదో చూసి తగలడు, లేకపోతే నన్ను బతకనివ్వవు" అని తన దుప్పటే మడిచి సంచిలో పెట్టింది.

కరీమున్‌కు అన్నీ ఇట్టే పట్టుబడ్డాయి. తాడుతో ముడులు వేయడం, తాటాకుతో చూరు కట్టడం, తడి పుల్లల్ని ఒకే అగ్గిపుల్లతో రాజేయడం, గిన్నె లేకుండా పిండిని పుల్లకు చుట్టి కాల్చుకు తినడం. ఆమెకు జతగా వేసింది రాజరాజేశ్వరిని. సింగరాయకొండలో లెక్కల టీచరు, పూజారి గారి కూతురు. ముల్లంటే భయమే గాని మాటంటే భయం లేదు. "ఏమే కరీమున్, ఇన్ని ముడులు వేయిస్తున్నారు, విప్పడం ఎప్పుడు నేర్పుతారే" అని మూతి ముడిచేది. ఆ ముడుల్ని కరీమునే విప్పి పెట్టేది.

దారి గుర్తుల పాఠానికి పుస్తకంలో చెప్పిన చెట్లు ఇక్కడ దొరకలేదు. శేషాచలం గారు పనివాళ్ల చేత చేల గట్ల మీద కర్రలు పాతించి, వాటికి వేపమండలు కట్టించారు. మండ వెంబడి మండ వెతుక్కుంటూ చెప్పిన చోటికి చేరాలి. దారిలో ఊరివాళ్లను పలకరించకూడదు, పలకరిస్తే మార్కు పోతుంది. అడవిలో ఊరెక్కడిది మరి?

చివరి రోజు పరీక్ష. జతలన్నీ పొద్దున్నే బయల్దేరాయి. సగం దారిలో ఒక పత్తిచేను గట్టున మరో మండ కనిపించింది. దాని కింద బుడమకాయలు పండి పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. రాజరాజేశ్వరి సంబరంగా వంగబోయింది. కరీమున్ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"అది మన గుర్తు కాదు. మండ తలకిందులుగా ఉంది, చూడు. గుడ్డపేలికతో కట్టారు."

"అయితే?"

"చేనుకు మందు కొట్టారని. మా వైపు అంతే. గడ్డి కొయ్యొద్దని, గొడ్లను తోలొద్దని కడతారు. మళ్లీ వాన పడిందాకా తియ్యరు."

రాజరాజేశ్వరి చేతులు చీరకు తుడుచుకుని, ఆ గట్టు దాటిందాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే నడిచింది. అందరికంటే ముందు చేరింది వాళ్లిద్దరే.

మధ్యాహ్నం పరీక్షలో ఆఖరి భాగం. అడవికి వెళ్లిన మనిషి తన గుర్తు ఒక్కటీ మిగల్చకూడదన్నది శేషాచలం గారి వేదం. ఎవరి దారిలో మండలు వాళ్లు పీకి తేవాలి, ఆయన వెనకాలే వచ్చి చూస్తారు. కరీమున్ అన్నీ పీకింది. తలకిందులుగా ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆయన సరిగ్గా అక్కడే ఆగారు.

"ఇదేమిటమ్మా, వదిలేశావు?"

"అది మనది కాదు సార్. రైతు కట్టుకున్నాడు. చేనుకు మందు కొట్టారు."

"ఈ దారంతా మండలు కట్టించింది నేను. నాకు తెలియదా?"

"తలకిందులుగా ఉంది సార్."

"కట్టినవాడు తొందరలో కట్టి ఉంటాడు." ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నవ్వి, టోపీ సర్దుకున్నారు. "చూడమ్మా, అన్నింట్లో నువ్వే ముందున్నావు. హిమాలయాల దాకా వచ్చి ఒక్క వేపమండ దగ్గర ఆగిపోతానంటే నీ ఇష్టం."

ఆయన తన చేత్తో పీకలేదు. ఎదురుచూస్తూ నిలబడ్డారు. రాజరాజేశ్వరి తల దించుకుని కాలిబొటనవేలితో మట్టి గీస్తోంది. కరీమున్ చేను వంక చూసింది, కొండ వంక చూసింది. కర్ర పట్టుకుని లాగింది. మెత్తటి మట్టి, తేలిగ్గానే వచ్చేసింది.

ఆయన ముందుకు సాగగానే ఆ మండను గట్టు పక్కన రాయి వెనక దాచింది. పొద్దుగూకే లోపల వచ్చి మళ్లీ పాతేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది.

సాయంత్రం మంట వేసి, చుట్టూ అందర్నీ కూర్చోబెట్టి శేషాచలం గారు కరీమున్ పేరు చదివారు. రాజరాజేశ్వరి ఆమెను వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎవరో ఆమెను భుజాల మీదికి ఎత్తబోయి, ఆడపిల్ల అని గుర్తొచ్చి ఆగిపోయారు. అమ్మకు ఎలా చెప్పాలి, ఉన్ని స్వెట్టరు ఎవరిని అడగాలి, మంచు మీద కాలు పెడితే చప్పుడవుతుందా, ఇవే ఆలోచనలు. మండ సంగతి మరిచిపోయింది. భయపడి ఊరుకోలేదు, బద్ధకించి మానలేదు, సంతోషంలో మరిచిపోయింది. సంతోషం మనిషిని ఇంత చెడగొడుతుందని ఏ కోర్సులోనూ చెప్పరు.

తెల్లవారి లారీ వచ్చింది. గుడారాలు ఎత్తారు, బూడిద పూడ్చారు, కాగితం ముక్క లేకుండా ఏరారు. శేషాచలం గారు శుభ్రంగా ఉన్న కొండవాలును తృప్తిగా చూసుకున్నారు. "చూశారా, మనం వచ్చి వెళ్లినట్టు చీమకు కూడా తెలియదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

లారీ కొండ దిగి ఊరి మలుపు దగ్గర ఆగింది. దారికడ్డంగా జనం మూగి ఉన్నారు. మధ్యలో గేదె పడి ఉంది, కాళ్లు చాచి, మూతి నిండా నురగతో. ప్రాణం ఎప్పుడో పోయింది. దాని పక్కన రసూల్‌బీ కూర్చుని ఉంది. ఆ గేదె పాలు పోసి బతికే మనిషి. ఎదురుగా చేను గలాయన బాలస్వామి చేతులూపుతూ అరుస్తున్నాడు.

"నా చేతులారా కట్టానయ్యా మండ. ఊళ్లో ఎవర్నైనా అడగండి. కళ్లు మూసుకుని గడ్డి కోసుకొచ్చి ఇప్పుడు నా మీద పడుద్దా?"

"లేదయ్యా. నిన్న పొద్దుగూకే ముందు పోయా, గట్టంతా చూశా. మండ ఉంటే కోస్తానా, నాకేమన్నా పిచ్చా?" అంది రసూల్‌బీ. ఎవరూ ఆమె మాట నమ్మడం లేదు. బాలస్వామి మండ కట్టడం ఊళ్లో పలువురు చూశారు.

కరీమున్ లారీ అంచు పట్టుకుని లేచి నిలబడింది. రాజరాజేశ్వరి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని "వద్దే" అంది నెమ్మదిగా. కరీమున్ చెయ్యి విడిపించుకుని లారీ దిగింది.

"ఆయన కట్టిన మాట నిజం. పిన్ని చెప్పేదీ నిజమే. మండను నేనే పీకాను" అంది.

అందరూ ఆమె వంక తిరిగారు. బాలస్వామి నోరు మూతపడింది. లారీలో శేషాచలం గారు టోపీ తీసి, వాచీ చూసుకుని "కరీమున్, ఆలస్యమవుతోందమ్మా" అన్నారు.

రసూల్‌బీ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ప్యాంటు, బూట్లు, మెడలో కట్టుకున్న రుమాలు.

"టౌను పిల్లవి, నీకేం తెలుసులే అమ్మా" అంది. "ఏ ఊరు మీది?"

"ఇక్కడే పిన్నీ. దర్శి దగ్గర. మా నాయనదీ పత్తే."

రసూల్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి నీకు తెలియదా మండంటే ఏందో?"

"తెలుసు."

"తెలిసీ పీకావు" అంది రసూల్‌బీ. తిట్టలేదు. గేదె వైపు తిరిగి దాని కళ్ల మీద వాలే ఈగల్ని తోలుతూ కూర్చుంది. ఎక్కడో దొడ్లో దూడ ఆగకుండా అరుస్తోంది.

లారీ హారన్ మోగింది. కరీమున్ అక్కడే నిలబడి చూసింది, ఎవరైనా కొడతారేమోనని. ఎవరూ కొట్టలేదు. తిరిగి వచ్చి లారీ ఎక్కింది. రాజరాజేశ్వరి జరిగి చోటిచ్చి, రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. శేషాచలం గారు మాత్రం ముందుకు వంగి, "మనసులో పెట్టుకోకు. మే నెలకి స్వెట్టరు సిద్ధం చేసుకో" అన్నారు. కరీమున్ తల ఊపింది. వేసవిలో ఆ కొండలకు తను వెళ్తుందని ఆమెకు తెలుసు. వెళ్లనని చెప్పే ధైర్యం తనలో లేదని అప్పుడే తెలిసింది.