అత్తగారి వేళ్లూ బస్సక్క వాచీ

స్కూలు బస్సు నడిపే ఆవిడను పిల్లలంతా బస్సక్క అనేవారు. రానురాను డిపోలో వాళ్లకూ, వీధిలో వాళ్లకూ ఆ పేరే నోటికి పట్టింది. ఆవిడకు నలభై రెండేళ్లు. పదిహేనేళ్లుగా పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు స్టీరింగు ముందు కూర్చోవడమే ఉద్యోగం. ఒంట్లో వ్యాయామం దక్కే భాగం ఏదైనా ఉందంటే అది కుడి పాదం ఒక్కటే.

ఒకరోజు డిపో నోటీసు బోర్డు మీద పది కిలోమీటర్ల పరుగు పందెం కాగితం అంటించారు. బస్సక్క నిలబడి చదువుతుంటే వెనక నుంచి మెకానిక్ అన్నాడు:

"చదివితే చాలక్కా, పరిగెత్తక్కర్లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. బస్సక్క అతని జేబులోంచే పెన్ను లాక్కుని, కాగితం మీద మొట్టమొదటి పేరు తనది రాసేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ, పది కిలోమీటర్లంటే తన రూట్లో మొదటి స్టాపు నుంచి ఎనిమిదో స్టాపు దాకా అన్న సంగతి తట్టలేదు. పందెం ఇంకా తొమ్మిది వారాలుంది.

సంగతి విన్న తమ్ముడు తన స్పోర్ట్స్ వాచీ తెచ్చిచ్చాడు. కొన్న కొత్తలో మోజు తీర్చుకుని సొరుగులో పడేసిన వాచీ అది.

"నువ్వెక్కడ పరిగెత్తావో ఫోన్లో మ్యాపు గీసి చూపిస్తుందక్కా. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో కూడా చెప్తుంది. ముందు కొన్నాళ్లు మెల్లగా పరిగెత్తాలి. నూట నలభై దాటనివ్వకు. దాటితే అదే అరుస్తుంది, వెంటనే నడకలోకి దిగిపో."

పక్క గదిలోంచి అత్తగారు తొంగి చూశారు. ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. రెండు వేళ్లతో నాడి పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తే చాలు, లెక్క పొల్లుపోదని పేరు.

"గుండె సంగతి గడియారం చెప్పడమేమిటి, చోద్యం కాకపోతే," అని మళ్లీ పేపర్లో తల దూర్చారు.

మర్నాటి నుంచి బస్సక్క సాధన మొదలైంది. సాధన అనే కంటే అరుపుల పర్వం అనాలి. ఆమె నూరడుగులు పరిగెత్తేది, వాచీ నూట అరవై ఎనిమిది చూపించి కీచుమనేది. ఆమె ఆగి నడిచేది. కాసేపటికి మళ్లీ నూరడుగులు, మళ్లీ కీచు. పాపాయిని తోపుడుబండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ ఒకాయన ఆమెను దాటిపోయాడు. చేతికర్రతో వాకింగుకొచ్చిన పెద్దాయన దాటిపోతూ, "ఏమ్మా, కాలు బెణికిందా?" అని పరామర్శించాడు. బస్సక్కకు తల కొట్టేసినట్టయింది. అయినా వాచీ మాట జవదాటలేదు. ఐదు వారాలు గడిచినా ఒక్క కిలోమీటరు ఆగకుండా పరిగెత్తింది లేదు.

ఆరో వారం సోమవారం నాడు, టీ తాగుతూ ఫోను చూసి ఆమె కెవ్వుమంది.

"ఏవండీ, ఇది చూడండి! ఈవేళ ఐదుంబావుకి నేను రెండు కిలోమీటర్లు నడిచానట. నేను లేచిందే ఆరున్నరకి!"

భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. ఏ వస్తువునైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం ఆయన అలవాటు. ఫోనునూ అలాగే చూసి, గంభీరంగా అన్నాడు: "నిద్రలో నడుస్తున్నావు."

"అమ్మో! అలా కూడా ఉంటుందా?"

"ఎందుకుండదూ," అన్నారు అత్తగారు పేపరు దించకుండానే. "అలాంటి కేసులు చాలా చూశాను."

ఆ రాత్రి భర్త తన కాలికీ ఆమె కాలికీ కలిపి ఓ తువ్వాలు కట్టాడు. తెల్లారాక ఆ సంగతి మరిచిపోయి మంచం దిగబోయి, తనే బోర్లా పడి ముక్కు కమిలించుకున్నాడు. తువ్వాలు ముడి మాత్రం చెక్కుచెదరలేదు. ఫోన్లో చూస్తే ఐదుంబావుకి మళ్లీ రెండు కిలోమీటర్లు!

అప్పుడు బస్సక్క భయం వదిలేసి మ్యాపు కేసి పరీక్షగా చూసింది. గీత వాళ్ల ఫ్లాట్ల గేటు దాటి, టెన్నిస్ కోర్టు చుట్టూ తిరిగి, లాండ్రీ ఎదురుగా ఆగింది. అక్కడ సరిగ్గా ఒక్క నిమిషం. మళ్లీ ఓ చుట్టు, మళ్లీ అక్కడే ఒక్క నిమిషం. అలా ఐదుసార్లు.

మర్నాడు ఐదింటికే లేచి చూస్తే, రాత్రి భోజనాల బల్ల మీద చార్జింగుకి పెట్టిన వాచీ లేదు. బస్సక్క పిల్లిలా మెట్లు దిగి టెన్నిస్ కోర్టు గోడ చాటున నిలబడింది.

అత్తగారు వచ్చారు. కాళ్లకు కోడలి పాత బూట్లు. అవి పెద్దవి కావడంతో రెండేసి జతల మేజోళ్లు. ఎడమ చేతికి వాచీ. చకచకా ఓ చుట్టు తిరిగొచ్చి, లాండ్రీ అద్దంలోంచి కనిపించే గోడ గడియారం ముందు ఆగి, రెండు వేళ్లు మెడ మీద ఆనించారు.

"అత్తయ్యా!"

అత్తగారు ఉలిక్కిపడలేదు. ఉండమన్నట్టు చెయ్యెత్తి, లెక్క పూర్తిచేసి, చిన్న నోటుబుక్కులో రాసుకుని అప్పుడు తిరిగారు.

"మధ్యలో పలకరిస్తే లెక్క తప్పదూ?"

"నిద్రలో తిరుగుతున్నానని నేను హడలి చస్తున్నాను! కేసులు చూశానన్నారు కదా!"

"చూశాను. వాళ్లలో ఒక్కరూ వాచీ పెట్టుకోలేదు."

బస్సక్కకు కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తనకే తెలియలేదు. "ఇదంతా ఎందుకు? అడిగితే ఇవ్వనా?"

"అడిగితే నీ వాచీ మీద మోజు పడ్డాననుకుంటావు," అన్నారు అత్తగారు. "నా కోడలి గుండె నూట అరవై ఎనిమిది కొట్టుకుంటోందని ఇది చెప్తే నేను చూస్తూ ఊరుకోవాలా? అంత కొట్టుకునే మనిషికి కబుర్లు చెప్పే ఊపిరుండదు. నువ్వేమో వస్తూనే గేటు దగ్గర పక్కింటావిడతో పావుగంట కబుర్లు చెప్తావు. అందుకే పరీక్ష పెట్టాను."

"సమయం వాచీలోనే ఉంటుందిగా. లాండ్రీ గడియారం ఎందుకూ?"

"బాగుంది. అనుమానం దాని మీదైతే సాక్ష్యం దాన్నే అడగనా?"

నోటుబుక్కు విప్పి చూపించారు. ఒక వరుసలో వేళ్లు చెప్పింది, పక్క వరుసలో వాచీ చెప్పింది. కదలకుండా నిలబడ్డప్పుడు రెండూ ఒకటే. పట్టీ వదులుగా పెట్టుకుని నడిచినప్పుడు మాత్రం వేళ్లు తొంభై ఎనిమిది అంటే వాచీ నూట ఇరవై అంది.

"ఆ నూట ఇరవై ఏమిటో ఈవేళే తేలింది. నిమిషానికి నేను వేసే అడుగులు! నువ్వు దీన్ని గాజులా జారేసుకుంటావు. అడుగడుక్కీ అది ఎగిరెగిరి పడుతోంది. ఇది నీ గుండెని కాదమ్మాయ్, కాళ్లని లెక్కపెడుతోంది."

ఐదు వారాలు! తోపుడుబండీ, చేతికర్రా బస్సక్క కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

అత్తగారు వాచీ విప్పి, కోడలి మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన పెట్టి, పట్టీ రెండు రంధ్రాలు బిగించారు. "ఇప్పుడు పరిగెత్తు."

ఒక చుట్టు. నూట ఇరవై ఎనిమిది. రెండో చుట్టు. నూట ముప్ఫై నాలుగు. కీచు లేదు. అత్తగారు ఆపి వేళ్లతో చూసి, "సరిపోయింది," అన్నారు కాస్త అయిష్టంగానే. ఆ ఉదయం బస్సక్క ఎక్కడా ఆగకుండా మూడు కిలోమీటర్లు పరిగెత్తింది. ఆ రోజు బస్సెక్కిన పిల్లలందరికీ ఆ ముచ్చటే చెప్పింది.

తర్వాతి మూడు వారాలూ ఇద్దరూ కలిసే బయల్దేరేవారు. కోడలు పరిగెత్తేది, అత్తగారు నడిచేవారు. తన కాళ్లకు సరిపోయే బూట్లు కూడా కొనుక్కున్నారు.

పందెం రోజున ఏడో కిలోమీటరు దగ్గర అత్తగారూ, భర్తా నిలబడ్డారు. బస్సక్క ఎర్రబడ్డ మొహంతో వచ్చి చెయ్యి చాపింది.

"నూట డెబ్భై అంటోందత్తయ్యా!"

అత్తగారు పదిహేను సెకన్లు నాడి చూశారు. "ఈసారి నిజమే చెప్తోంది."

"ఆగిపోనా?"

"గుండెల్లో నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉందా?"

"లేదు. కాళ్లే మొరాయిస్తున్నాయి."

"అయితే ఆగడమెందుకు? మాట్లాడగలుగుతున్నావుగా, పో!"

గంటా పద్నాలుగు నిమిషాలకు బస్సక్క గీత దాటింది. పందెంలో తనూ పరిగెత్తిన మెకానిక్ అప్పటికే వచ్చి పదకొండు నిమిషాలయింది. అయినా అందరికంటే గట్టిగా ఈల వేసింది అతనే.

తిరుగు ప్రయాణానికి డిపో బస్సు మెకానిక్ నడిపాడు. బస్సక్క పదిహేనేళ్లలో మొదటిసారి ప్రయాణికుల సీట్లో కూర్చుంది. అత్తగారు పక్కనే కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. భర్త వెనక సీట్లో ఆమెకొచ్చిన పతకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, అక్షరాలు సరిగ్గా చెక్కారా లేదా అని చూస్తున్నాడు.

"బ్రేకు అంత గట్టిగా తొక్కకు తమ్ముడూ," అంది బస్సక్క మొదటి మలుపులోనే. రెండో మలుపులో ఇండికేటరు ఆలస్యంగా వేశావంది. మూడో మలుపుకి మెకానిక్ బస్సు పక్కకు తీసి ఆపి, తాళం చెవి పట్టుకుని వెనక్కి వచ్చాడు.

"నువ్వే నడుపక్కా."

బస్సక్క లేవబోయింది. కాళ్లు సహకరించలేదు. మళ్లీ కూలబడి, "సరేలే, నువ్వే కానీ. మాట్లాడను," అంది.

తర్వాత రెండు స్టాపుల దాకా నిజంగానే మాట్లాడలేదు.