శ్రీజ చెయ్యి పడితే

“మా కోడలు చెయ్యి పడితే ఇత్తడి సర్వల మొఖం గనబడ్తది” అంది మా అత్త సిద్ధమ్మ పక్కింటామెతో, నాకు వినపడేలా. ఆదివారం. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి మొక్కు తీర్చడానికి బయలుదేరాలి. నేను వాకిట్లో కూచుని చింతపండుతో సర్వలు తోముతున్నాను. పెళ్లయిన ఏడేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఒక్క తోమడంలోనే. మెచ్చుకున్న ప్రతిసారీ ఇంకో రెండు గిన్నెలు వచ్చి చేరతాయి. అంత మెచ్చుకున్నాక చెయ్యనని ఎలా అంటాం?

అప్పుడే నా పీహెచ్‌డీ గైడ్ చంద్రశేఖర్ సార్ ఫోన్ చేశారు. “అమ్మా శ్రీజా, ల్యాబుకు రావాలె ఒక్కసారి. పేపర్ల కొత్త ఫొటోలు పెట్టమన్నరు జర్నల్ వాళ్లు. రేపే ఆఖరు. రాకేష్ నిన్నటి సంది పాలిష్ చేస్తుండు, అన్నీ గీతలే. నీ చెయ్యి పడితేనే అయితది.”

“ఏ పేపర్ సార్?”

“అదేనమ్మా, పగుళ్లది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా పేపరు. అల్యూమినియం రేకుల్ని అతికించిన చోట పగులు ఎక్కడ పుడుతుందో పట్టుకున్నది నేను. నా పేరుతో ఒక్క పేపరైనా వస్తేనే థీసిస్ ఇవ్వనిస్తారు. జూన్ దాటితే ఆరేళ్ల పీహెచ్‌డీ రద్దు. పంపించినట్టు సార్ నాతో చెప్పనే లేదు, మరిచిపోయి ఉంటారనుకున్నాను. చూడండి నా మంచితనం!

“ఆదివారం గూడ ఏం కాలేజే?” అన్నాడు మా ఆయన వెంకటేశ్, బండి తుడుచుకుంటూ. “పోతె పో. అవ్వకు నువ్వే చెప్పుకో.” చెప్పుకున్నాను. “నువ్వు బోతె బోనమెవ్వలెత్తుకుంటరే? దేవునికన్న ఎక్కువనా నీ సదువు?” అంది అత్త. పులిహోర డబ్బాల్లో సర్ది, కొబ్బరికాయలు సంచిలో పెట్టి, వాళ్లను బండెక్కించి, చేతులకు చింతపండు వాసన పోకముందే పాత బస్టాండుకు పరిగెత్తాను.

బస్సులో కిటికీకి తల ఆనించి కూచుంటే ఒళ్లంతా నొప్పులు. మా పని బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. మైక్రోస్కోపు కింద పెట్టాలంటే లోహపు ముక్క అద్దంలా ఉండాలి. గరుకు ఎమెరీ కాగితం నుంచి సన్నదాని దాకా ఒక్కొక్కటే మారుస్తూ, మార్చినప్పుడల్లా ముక్కని అడ్డం తిప్పుతూ, వెనకటి గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. చివరికి తిరిగే చక్రం మీద మఖ్మల్ గుడ్డ. కాస్త ఎక్కువ నొక్కామా, మళ్లీ మొదటికే. నా వేళ్లు ఎంత అరిగాయంటే రేషన్ షాపు మిషన్ వేలిముద్ర పట్టదు. “లేడీస్‌కు ఓపిక ఎక్కువ” అన్నారు సార్ మొదటి ఏడాదే. అప్పట్నుంచి ఎవరి ముక్కలైనా నా బల్ల మీదికే వస్తాయి. నా పని వాళ్లవన్నీ అయ్యాక, బస్సు తప్పిపోయాక. అలసిపోయాను. ఆ మాట ఇంట్లో అంటే చదువు మానెయ్యమంటారు. ల్యాబులో అంటే ఇంట్లో పని ఎక్కువైందేమో అంటారు. అందుకని ఎక్కడా అనను.

ల్యాబులో రాకేష్ ఉన్నాడు. నాకంటే మూడేళ్లు జూనియర్. పిల్లాడు మర్యాదస్తుడే, కుర్చీ లాగి వేశాడు. “అక్కా, ఏ ఫొటోలు మార్చాల్నో చూడుర్రి” అని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. పేపరు మొదటి పేజీ. పేర్లు రెండే. రాకేష్, చంద్రశేఖర్. చివరి పేజీకి వెళ్లాను. కృతజ్ఞతల్లో ఒక వాక్యం: నమూనాల తయారీలో సహకరించిన శ్రీమతి శ్రీజకు ధన్యవాదాలు. మూడుసార్లు చదివాను. బొమ్మలన్నీ నావే. పగులు దగ్గర బాణం గుర్తు పెట్టింది కూడా నేనే. ఏడుపు రాలేదు, ఒంట్లో ఓపికంతా ఎవరో తోడేసినట్టయింది.

సార్ వచ్చారు. నా మొహం చూసి ఆయనే మొదలుపెట్టారు. “రాకేష్‌కు వచ్చే నెల ఫ్యాకల్టీ ఇంటర్వ్యూ ఉన్నదమ్మా. వాడు సెటిల్ కావాలె. నీకేంది, ఇల్లున్నది, ఆయన ఉన్నడు. తర్వాతి పేపర్ల నీదే ఫస్ట్ పేరు.”

తర్వాత. పెళ్లయినాక చదువుకో అన్నారు మా నాయిన. అత్త కంటి ఆపరేషన్ అయినాక ల్యాబుకు పో అన్నాడు వెంకటేశ్. నా బతుకంతా ఎవరిదో ఒకరిది అయ్యాక మొదలవ్వాల్సిందే. జూన్ తర్వాత నాకు తర్వాత ఎక్కడుంది?

“సార్, పగులు పట్టుకున్నది నేను. ఆ పేపర్ల నా పేరు ముందుండాలె. ఇప్పుడే మార్చుర్రి. మారిస్తే పాలిష్ చేస్త.” నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

“బెదిరిస్తున్నవా? నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఎవరు?”

“మీరే సార్. తెలుసు.”

ఆయన తలుపు ధడాలున వేసి వెళ్లిపోయారు. థీసిస్ పోవచ్చు. పోతుందేమో కూడా. భయం వేస్తూనే ఉంది. అయినా లేచి చేతులు కడుక్కుని, బ్యాగు భుజాన వేసుకున్నాను.

రాకేష్ ముక్క చేత్తో పట్టుకుని అడ్డం వచ్చాడు. “అక్కా, రేపే ఆఖరు. మీరు చెయ్యకున్నా సరే, ఎట్ల చెయ్యాల్నో ఒక్కసారి చూపెట్టుర్రి. నేనే చేసుకుంట.”

“నాకు రెండేండ్లు పట్టింది రాకేష్. ఇప్పుడే మొదలువెట్టు.”