పడవ మాస్కులు

నా పడవలో మాస్కు లేకుండా ఒక్కరు కూడా నది దాటలేదు. ఈ మాట ఇప్పుడు గొప్పకు చెప్పడం లేదు. ఒకప్పుడు గొప్పకే చెప్పేవాణ్ణి. కొంట నుంచి పైకి వస్తే శబరి మీద నాలుగు నాటు పడవలు నడుస్తాయి. ఆ నాలుగింటిలో రూలు ప్రకారం నడిచేది అప్పయ్య పడవ ఒక్కటేనని రెండు ఒడ్ల జనమూ చెప్పుకున్నారు. పంచాయతీ సచివ్, అంటే కార్యదర్శి, స్వయంగా వచ్చి పడవకు ఫోటో తీసుకున్నాడు. ఆ రోజు నేను గడ పట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

కరోనా రెండోసారి వచ్చిన ఏడాది అది. ఇవతలి ఒడ్డు మాది, అవతలిది ఒడిశా. రోడ్డు మీద చెక్‌పోస్టు మూసేసరికి బస్సుల్లో, జీపుల్లో పోవాల్సిన జనమంతా రేవు మీద పడ్డారు. సచివ్ రేవులో ఒక బోర్డు పాతించాడు. మాస్క్ లేనివాళ్ళు పడవ ఎక్కకూడదు, ఎక్కిస్తే పడవ జప్తు. చదువు రానివాళ్ళ కోసం కింద ఒక ముఖం గీసి, మూతికి నీలం రంగు పూయించాడు.

జప్తు అనగానే నాకు భయమేసింది. ఎందుకంటే నా కూతురు నవీన అవతలి ఒడ్డున అత్తగారింట్లో ఉంది. ఏడో నెల నడుస్తోంది. తొలి కాన్పు మా ఇంట్లో జరగాలి. ముహూర్తం చూసుకుని మే నెలాఖరుకు తీసుకొస్తామని అల్లుడు వీరేందర్ ఫోన్ చేశాడు. జూన్‌లో వానలు పడితే నది పొంగుతుంది, పడవలు ఆగిపోతాయి. నా పడవ జప్తయినా, నా పడవలో ఆ రోగం ఎక్కినా నా బిడ్డ నా గడప తొక్కదు. అందుకే అంత కచ్చితంగా ఉన్నాను. నా భార్య తిరుపతమ్మ పొద్దున్నే చద్ది పెడుతూ రోజూ ఒకటే మాట అనేది.

"మూతికి గుడ్డ లేనోణ్ణి ఎక్కించకయ్యా. మన పిల్ల ఆ పడవల్నే రావాలె."

చెప్పడం తేలికే. జనాన్ని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చేది. నోట్లో పొగాకు పెట్టుకున్నవాడు మాస్కు దించి ఉమ్మేవాడు, మళ్ళీ ఎక్కించేవాడు, మళ్ళీ దించేవాడు. ఒక ముసలాయన మాస్కును నెత్తిన పెట్టుకుని, 'పెట్టుకున్నా కదా, ఇంకేంది' అన్నాడు. పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు ముక్కుపుడకలు కనబడవని అలిగి కూర్చున్నారు. ఒకడైతే నాతో పెద్ద తగాదాకే దిగాడు.

"రోడ్డు మీద పోలీసోడున్నడు, పెట్టుకుంట. నది మీద ఎవడున్నడు? ఇంత గాలుంది. ఊపిరాడక సచ్చేటట్టున్న."

"నేనున్న" అన్నాను. "పెట్టుకుంటే ఎక్కు, లేకపోతే ఈదుకుంట పో."

అందరూ నవ్వారు. వాడు పెట్టుకున్నాడు.

కానీ ఒక రోజు హుంగే వచ్చింది. మా ఊరి అవతల గూడెంలో ఉండే కోయ ఆడమనిషి. అవతలి ఒడ్డున తల్లికి ఆఖరి ఘడియలని కబురొచ్చిందట. మాస్కు లేదు. కట్టుకున్న చీర చింకిపాత, కొంగు చాలక భుజం మీదికి ముడివేసి ఉంది. మూతికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యే అడ్డం పెట్టుకుని, "తీసుకపో అన్నా" అంది. ఒడ్డున సచివ్ మోటార్ సైకిల్ నిలబెట్టి ఉంది. నేను గడ వేసి పడవను నెట్టేశాను. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి కూడా ఆమె బోర్డు కింద కూర్చునే ఉంది. మర్నాడు ఎవరి దగ్గరో గుడ్డ అడుక్కుని దాటింది. తల్లి అప్పటికే పోయింది. ఆ సంగతి విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ బాధలో ఉండగానే ప్రవీణ్‌కుమార్ గురూజీ నాకొక వీడియో చూపించాడు. ఆయన బడి మాస్టరు. బడులు మూసేశాక రేషన్ లెక్కల కోసం వారానికోసారి నది దాటేవాడు. ఫోన్‌లో సముద్రం, సముద్రంలో పది అంతస్తుల తెల్ల ఓడ. లోపల దీపాలు, మెట్లు, ఈత కొట్టడానికి చెరువంత తొట్టి. అన్ని నీళ్ళ మధ్య మళ్ళీ ఈతకు నీళ్ళేమిటో నాకు అర్థం కాలేదు. అందులో తిరిగేవాళ్ళంతా మాస్కులు పెట్టుకున్నారు. ఒక దొరసాని మాత్రం మాస్కు లాగి పడేసి ఓడవాడి మీద చేతులు తిప్పుతూ అరుస్తోంది.

"చూసినవా అప్పయ్యా, అక్కడ గూడ నీ తిప్పలే" అన్నాడు గురూజీ. "లక్షలు పోసి ఎక్కినోళ్ళు గూడ పెట్టుకోమంటే లొల్లి చేస్తున్నరు."

"మరి మాస్కు లేనోళ్ళను దింపేస్తరా గురూజీ? సముద్రంల యాడ దింపుతరు?"

"దింపరు. ఓడోళ్ళే మాస్కులిస్తరు."

నాకు ఆ మాట పట్టుకుంది. ఓడవాళ్ళే ఇస్తారు. అంత పెద్ద ఓడవాళ్ళకు తట్టింది నాకెందుకు తట్టలేదని నా మీద నాకే కోపం వచ్చింది. హుంగేకు ఆ రోజు ఒక్క మాస్కు ఇచ్చి ఉంటే తల్లి ముఖం చూసుకునేది.

మర్నాడే మా ఊరి మితానిన్ మీనా దగ్గరికి పోయాను. ఇంటింటికీ తిరిగి మందులిచ్చే పిల్ల. సర్కారు తనకు పంపిన కట్టలోంచి ఆరు మాస్కులు తీసి ఇచ్చింది. నీలం రంగువి, చెవులకు తగిలించుకునేవి.

"ఒకరు పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకోవద్దు కాకా. సాయంత్రానికి కాల్చెయ్" అంది.

సరేనన్నాను. కానీ చెవిన పెట్టలేదు. ఎక్కడా చిరుగు లేని వస్తువును ఒక్క పూటకే కాల్చడమేమిటి? చదువుకున్న పిల్ల, సర్కారు సొమ్ముకు అలవాటు పడిపోయింది అనుకున్నాను. మా వృత్తిలో ఏదీ ఒక్కరిది కాదు. గడ పడవది. నీళ్ళు తోడే డొప్ప పడవది. ఎండకు వేసే గోనెపట్టా, దాహానికి తాగే సొరకాయ బుర్ర, అన్నీ పడవవే. ఎక్కినవాళ్ళు వాడుకుంటారు, దిగేటప్పుడు వదిలిపోతారు. మాస్కులూ అంతే అనుకున్నాను. పడవ ముక్కు దగ్గర వెదురు గుంజకు మేకు కొట్టి ఆరింటినీ దానికి తగిలించాను. లేనివాళ్ళు తీసి పెట్టుకోవాలి, అవతల దిగాక మళ్ళీ మేకుకు తగిలించాలి. ఇక తువ్వాలు, కొంగు చాలవన్నాను. మధ్యాహ్నం పూట నదిలో ముంచి, పిండి, పడవ అంచు మీద ఆరేసేవాణ్ణి. దీనికంటే శుభ్రం ఏముంటుంది?

జనం మెచ్చుకున్నారు. ఒకరిద్దరు వాసన చూసి మొహం చిట్లించారు గానీ, పెట్టుకోకుండా ఎవరూ పోలేదు. సచివ్ ఫోటో తీసుకున్నది ఆ వారంలోనే.

నవీన వచ్చే రోజు తిరుపతమ్మ తెల్లవారకముందే ఇల్లు అలికింది. అల్లుడు మధ్యాహ్నానికి అవతలి రేవుకు తీసుకొస్తానన్నాడు. నేను పొద్దున అవతలి నుంచి ఒక ఖేపు జనాన్ని దాటించి తెచ్చాను. అందరూ మిర్చి కోతకు పోయినవాళ్ళే. ప్రతి ఏడూ మా వైపు జనం తెలంగాణ చేలల్లో మిరపకాయలు ఏరడానికి పోతారు. ఆ ఏడు పనులు ఆగిపోయి, లారీలు దొరక్క, చెక్‌పోస్టు తప్పించుకుని అవతలి ఒడ్డు అడవుల వెంట నడిచి వస్తున్నారు. వాళ్ళలో గొల్లపల్లి వైపు ఆయతు ఒకడు. పాతికేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆగకుండా దగ్గుతున్నాడు. మెడలో తువ్వాలుంది గానీ దానికి మిరప కారం పట్టి ఉంది. మూతికి కట్టుకోబోయి మరింత దగ్గి తీసేశాడు.

"ఏందిరా ఆ దగ్గు?" అన్నాను.

"మిర్చి దగ్గే దాదా."

నేను నమ్మాను. ఎందుకు నమ్మనూ? మిరప చేలనుంచి వచ్చినవాడు నెల రోజులు దగ్గుతాడు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నా తమ్ముడూ దగ్గేవాడు. మా రేవులో ఆ దగ్గు విని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు లేరు. మేకుకున్న మాస్కు తీసి ఇచ్చాను. నది దాటినంతసేపూ అందులోనే దగ్గాడు. దిగేటప్పుడు బుద్ధిగా తీసి మేకుకు తగిలించి, నాకు దండం పెట్టి పోయాడు.

మధ్యాహ్నం అవతలి ఒడ్డుకు పోయేసరికి నవీన మద్ది చెట్టు నీడలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, బరువుకు మళ్ళీ కూర్చుంది. మొహం నిండా నవ్వు. ఉతికిన తెల్ల చున్నీని ముక్కు మీదుగా చుట్టుకుంది. వీరేందర్ సంచి పడవలో పెట్టి, "నేను రాను మామా, ఇంట్లో పశువుల్ని చూసేటోళ్ళు లేరు" అని చెప్పి ఆగిపోయాడు. పడవలో అప్పటికే ఏడెనిమిది మంది ఎక్కి ఉన్నారు. గురూజీ కూడా ఉన్నాడు. ముందు రోజు నా చేత తువ్వాలు విప్పించుకుని మాస్కు పెట్టించుకున్న ఒక దుకాణదారు కూడా ఉన్నాడు.

"ఏం అప్పయ్యా, చున్నీ నడుస్తదా?" అన్నాడు వాడు. "బిడ్డకొక రూలా, మాకొక రూలా?"

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, చున్నీ మీద. ఇన్నాళ్ళూ సంపాదించుకున్న పేరు కూతురి దగ్గర పోగొట్టుకుంటానా? మేకు దగ్గరికి పోయి ఒక మాస్కు తీశాను. ఆ రోజు హడావుడిలో వాటిని నదిలో ముంచలేదు.

"బిడ్డా, చున్నీ తియ్. ఇది పెట్టుకో."

"ఇది శుభ్రంగనే ఉంది నాయనా."

"రూలు రూలే."

నేనే వంగి, చున్నీ విప్పి, మాస్కును చెవులకు తగిలించాను. చిన్నప్పుడు జాతరలో కమ్మలు కొని పెట్టినప్పుడు ఇలాగే మెడ వంచి కదలకుండా కూర్చునేది. ఇప్పుడు మూతి దగ్గర చెయ్యి పెట్టుకుని కొంచెం వెనక్కి జరిగింది.

"తడిగుంది నాయనా. ఎవరిది ఇది?"

"పడవది" అన్నాను.

నా మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు. దుకాణదారు శభాష్ అన్నాడు, పడవలో అందరూ నవ్వారు. నేను గర్వంగా గడ వేశాను. ఇవతలి ఒడ్డుకు చేరాక నవీన మాస్కు తీసి మేకుకు తగిలించింది. ఒడ్డున తిరుపతమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసి ఇంటికి తీసుకుపోయింది.

నాలుగు రోజులు ఇల్లు కళకళలాడింది. ఐదో రోజు జ్వరం వచ్చింది. మీనా వచ్చి ముక్కులో పుల్ల పెట్టి చూసి, వెంటనే బండి కోసం ఫోన్ చేసింది. నాకూ తిరుపతమ్మకూ కూడా జ్వరం తగిలింది, మేం లేచాం. నవీన లేవలేదు. జిల్లా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ముఖానికంతా గాజు తొడుక్కుని బయటికి వచ్చి హిందీలో అడిగింది, ఎక్కడెక్కడ తిరిగింది, ఎవరిని కలిసింది అని.

"ఎక్కడా తిరగలేదమ్మా. అత్తగారింటి నుంచి మా ఇంటికి. మధ్యలో నా పడవ. పడవలో మాస్కు కూడా పెట్టించాను."

"కొత్త మాస్కేనా?"

నాకు మేకుకు వేలాడే మాస్కులు గుర్తొచ్చాయి. ఆమె నా జవాబు అందినట్టుగా లోపలికి వెళ్ళిపోయింది.

నవీన ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజు పోయింది. కడుపులో బిడ్డా పోయింది. మాకు ముఖం చూపించలేదు. చుట్టేసి తీసుకుపోయారు. ఆ సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర గొల్లపల్లివాళ్ళు కనబడితే ఆయతు సంగతి అడిగాను. నది దాటిన మూడో రోజే పోయాడన్నారు. ఇంకా ఎవరెవరు పోయారో చెప్పబోతుంటే నేను వినలేక లేచి వచ్చేశాను. ఆ ఆరు మాస్కులు ఎన్ని మూతులు తిరిగాయో నాకు లెక్క తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

పదో రోజు కర్మకు నలుగురైదుగురు వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ తిరుపతమ్మ ఒకటే చెప్పుకుని ఏడ్చింది.

"ఎంత జాగ్రత్త పడ్డడో మా ఆయన. పడవల తన చేత్తోనే మాస్కు కట్టిండంట. అయినా దేవునికి దయ లేదు."

వాళ్ళు నా వైపు జాలిగా చూశారు. నేను తల దించుకున్నాను. అందరూ వెళ్ళాక ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఏందయ్యా, బిడ్డ మొఖం చూడనియ్యలే. చివరికి బిడ్డ గుడ్డలు గూడ ఆసుపత్రోళ్ళు కాల్చేసిండ్రు. ఆ మాస్కన్న నాకియ్యి. నువ్వు కట్టింది. నా బిడ్డ మూతికి తగిలిన గుడ్డ అదొక్కటన్న మిగిలింది."

పడవలోనే ఉందన్నాను. ఇద్దరం రేవుకు పోయాం. నవీనను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు నుంచి పడవ కట్టేసే ఉంది. బోర్డు పక్కన మొదటి వాన నీళ్ళు నిలిచాయి. వెదురు గుంజకు ఆరు మాస్కులూ వేలాడుతున్నాయి, రంగు వెలిసి, ఒకదానికొకటి అతుక్కుపోయి.

తిరుపతమ్మ పడవ ఎక్కి వాటి ముందు నిలబడింది. ఒక్కటే ఉంటుందనుకుని వచ్చింది.

"ఇందుల ఏది నా బిడ్డది?" అంది.

ఆమె ఒకటి విడదీసి చూసింది. దాని అంచున పొగాకు మరక ఉంది. ఇంకొకటి తీసింది. దాని మీద ఎవరిదో కాటుక. అప్పుడు మెల్లగా నా వైపు తిరిగింది.

"ఎవరియయ్యా ఇవి?"

పడవవి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమె చేతిలోది మేకుకు తగిలించి, పడవ దిగి, నా కోసం ఆగకుండా ఇంటికి నడిచిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మూడేళ్ళయింది, అన్నం పెడుతుంది, మాట్లాడదు.