భవంతి మీద ఊరి ఆకాశం

పొద్దున్న హోటల్ నడిమి భవంతిని, పైకప్పు లేని ఆ మండువాని, తుడిపించాక సుకన్య తలెత్తి చూసింది. పైన మబ్బు కమ్ముకుని ఉంది. బయట చిలకలగూడ రోడ్డు మీద ఎండ కాస్తోంది.

హోటల్లో అందరికీ ఇది అలవాటే. రైతు తుకారాం అమ్మిన పాత ఇంటిని అతని ఊళ్లో విప్పించి, ఈ కొత్త హోటల్ నడుమ నిలబెట్టిన ఆర్కిటెక్టు సుకన్య. ఈశాన్యపు స్తంభాన్ని ఈశాన్యంలోనే, నైరుతిదాన్ని నైరుతిలోనే నిలిపించింది. దాంతో భవంతి మీది ఆకాశం కూడా వెంట వచ్చేసింది. ఊళ్లో కోడి కూస్తే ఇక్కడ గదుల్లో వాళ్లు లేచేవారు. అక్కడ చినుకు పడితే రిసెప్షన్‌లో ప్రిసిల్లా గొడుగులు తీసేది.

యజమాని రఘునాథ్‌కి మాత్రం ఏసీ చల్లదనం పైకి పోతోందని బెంగ. అందుకే ఇవాళ భవంతి మీద అద్దపు కప్పు వేయిస్తున్నాడు. మూడు పలకలు బిగించారు. చివరిదైన నాలుగోది తాళ్ల మీద వేలాడుతోంది.

ఆ సందులోంచి వాన ఒక్కసారిగా కుమ్మరించింది.

బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు దింపి వచ్చిన తుకారాం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడం, గింత వానా! మా ఇంటామె ఎల్లమ్మ చేన్ల ఉన్నది. తినే యాళ్లకు వాగు దాటి ఇంటికొస్తది."

"ఫోన్ చెయ్యి."

"కలుస్తలేదు. పోయినేడు గా వాగుల ఎడ్లే కొట్టుకపోయినయ్."

సుకన్య పైకి అరిచింది: "ఆ పలక ఆపండి! ఆ సందులోంచి అరిస్తే ఊళ్లో వినపడొచ్చు!"

"ఆపితే రేపట్నించి ఈ పని మీది కాదండీ," అన్నాడు రఘునాథ్.

అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. "ఆపండి," అంది మళ్లీ.

తుకారాం నీళ్లలోకి దిగి ఆ సందు కింద నిలబడ్డాడు. "ఎల్లీ! వాగు దాటకే!"

వాన హోరు తప్ప జవాబు లేదు. మళ్లీ అరిచాడు. గొంతు జీరపోయింది. ప్రిసిల్లా గొడుగు పారేసి పక్కకొచ్చింది. "ఎల్లమ్మక్కా, దాటొద్దు!" టిఫిన్ చేస్తున్నవాళ్లు ఎంగిలి చేతులతోనే వచ్చి అరిచారు. రఘునాథ్ కాసేపు చూశాడు. బూట్లతోనే నీళ్లలోకి దిగాడు.

"ఎల్లమ్మగారూ! దాటకండీ!"

అందరూ సందు వైపే తలెత్తారు.

వానతో పాటు పైనుంచి ఒక గొంతు పడింది. "కాలు పెట్టవోతున్న, ఎనుకకు తీసిన! ఏందయ్యా, పట్నమంతా పిలిసినవా? చెవులు పగుల్తున్నయ్!"

ఆ గొంతు వెనకే వాగు పొంగిన చప్పుడు వినిపించింది. "గట్టు మీదనే ఉండు, ఎల్లీ!" అని తుకారాం పైకి అరిచాడు.

రఘునాథ్ ముఖం తుడుచుకుని పనివాళ్ల వైపు చూశాడు. బిగించిన మూడు పలకలూ విప్పేయమని చెయ్యి ఊపాడు.